అనుమానం వచ్చాక సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: ఒక ప్రైవేటు కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తున్నాను. సరుకు రాకుండానే వచ్చినట్టు జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే పత్రం) మీద సంతకం పెట్టమంటున్నారు మా మేనేజర్. ‘లోడు దారిలో ఉంది, ఫార్మాలిటీయే కదా’ అంటారు. ఇదివరకు రెండుసార్లు పెట్టాను. ఈసారి ఎందుకో మనసు ఒప్పడం లేదు. చేతిలో రుజువేమీ లేదు. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకండి. మీ మనసు సరిగ్గానే చెబుతోంది.

జీఆర్ఎన్ అంటే సరుకు చేతికందిందని మీరు ఇచ్చే హామీ. దాన్ని చూసే బిల్లుకు డబ్బు చెల్లిస్తారు, జీఎస్టీలో ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకుపై కట్టిన పన్నును తమ పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుంటారు. సరుకు అందనిదే ఆ క్రెడిట్‌కు కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం సెక్షన్ 16 ఒప్పుకోదు. ఉత్తుత్తి ఇన్‌వాయిస్‌తో తీసుకుంటే సెక్షన్ 132 కింద, మొత్తాన్ని బట్టి 5 ఏళ్ల దాకా జైలు. మోసగించే ఉద్దేశంతో లెక్కల్ని తారుమారు చేసిన ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 344 కింద 7 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. పైవాళ్లు చెబితే చేశానంటే చెల్లదు.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. ఈ నేరాల్లో ‘తెలిసి చేశాడా’ అన్నదే కీలకం. ఏమీ తెలియక సంతకం పెట్టినవాళ్లనూ, అనుమానం వచ్చాక కూడా పెట్టినవాళ్లనూ చట్టం ఒకే రకంగా చూడదు. మీకు అనుమానం వచ్చేసింది. ఇక తెలియదనే మాట మీకు అక్కరకు రాదు.

రుజువు లేదని వెనక్కి తగ్గకండి. మోసాన్ని నిరూపించే బాధ్యత మీది కాదు, చూసింది చెబితే చాలు. మేనేజర్‌కు ఈరోజే మెయిల్ పెట్టండి: ‘ఫలానా నంబరు ఇన్‌వాయిస్ సరుకు సాయంత్రం వరకు స్టోర్స్‌కు చేరలేదు. గేటు రిజిస్టర్‌లో వాహనం ఎంట్రీ లేదు. సరుకు వచ్చి, లెక్క చూసుకున్నాక జీఆర్ఎన్ ఇస్తాను.’ అంతే. రిజిస్టర్ మీరే స్వయంగా చూశాక రాయండి. ‘దొంగ బిల్లు’, ‘స్కామ్’ లాంటి మాటలు వద్దు. సద్భావంతో, సంబంధిత పై అధికారికి చేసే ఫిర్యాదుకు న్యాయ సంహితలోని పరువు నష్టం సెక్షన్ 356లో మినహాయింపు ఉంది. అదే మాట ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ రక్షణ దొరకడం కష్టం.

మేనేజర్ వినకపోతే, మీ కంపెనీలో ఉంటే ఆడిట్ కమిటీకి (లెక్కల్ని పర్యవేక్షించే డైరెక్టర్ల కమిటీకి) వెళ్లండి. లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చినవి ఉద్యోగుల ఫిర్యాదులకు ప్రత్యేక ఏర్పాటు పెట్టాలని కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 177 చెబుతోంది. ఫిర్యాదు చేసినవారిని వేధించకుండా రక్షణ కూడా అందులో భాగమే. చిన్న కంపెనీ అయితే ఈ ఆసరా ఉండదు. అప్పుడు డైరెక్టర్లకు రాతపూర్వకంగా తెలపండి.

పాత రెండు సంతకాల గురించి మాత్రం తొందరపడి ఎక్కడా రాయకండి. అవి మీ మీదికే తిరగొచ్చు. ముందు ఓ క్రిమినల్ లాయర్‌ను నేరుగా కలవండి. మేనేజర్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఆ ఫోన్ మార్చకండి. కంపెనీ ఫైళ్లను మూకుమ్మడిగా మీ సొంత మెయిల్‌కు పంపుకుంటే దాన్నే సాకుగా తీసుకుని మీ మీద చర్య తీసుకుంటారు, ఆ పని చేయకండి.

రాజీనామా ఇమ్మని ఒత్తిడి తెస్తే అక్కడికక్కడ రాసివ్వకండి. ఒకవేళ బలవంతంగా రాయించుకుంటే, అది మీ ఇష్టంతో ఇచ్చింది కాదని అదే రోజు హెచ్‌ఆర్‌కు మెయిల్ చేయండి.