ప్రైవేట్ ఛానల్‌కి తాళం సరిగ్గా పడిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆఫీసు చాట్ యాప్ మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మా కంపెనీ వాళ్లందరం ఒకే టీమ్‌లో ఉన్నాం. జీతాల పెంపు గురించి ముగ్గురమే మాట్లాడుకోవాలి. నడుస్తున్న ఛానల్‌ని (టీమ్ లోపలి చర్చా గదిని) ప్రైవేట్‌గా మార్చే మీట కనిపించడం లేదు. టీమ్‌కి ఓనర్ మా ఐటీ సార్. మా మాటలు ఆయన చదవగలరా?
– హెచ్‌ఆర్ ఉద్యోగిని, విజయవాడ

జవాబు: అలాంటి మీట లేదండీ. ఛానల్ తెరిచేటప్పుడు ఎంచుకున్న రకమే చివరిదాకా ఉంటుంది. కాబట్టి కొత్తది తెరవండి. టీమ్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, 'యాడ్ ఛానల్'లోకి వెళ్లి, రకం దగ్గర 'ప్రైవేట్' ఎంచుకోండి. తర్వాత మిగతా ఇద్దరినీ చేర్చండి. 'ప్రైవేట్' కనిపించకపోతే సభ్యులకు ఆ అనుమతి ఇవ్వలేదని అర్థం, ఓనర్‌ని అడగాలి. పాత ఛానల్‌లోని సంభాషణ కొత్తదాంట్లోకి రాదు, అక్కడే అందరికీ కనిపిస్తూ ఉంటుంది. బయటపడకూడని ఫైళ్లూ సందేశాలూ అక్కడ ఉంటే ముందు వాటిని తీసేయండి.

ఛానల్‌లో చేర్చనంతవరకు టీమ్ ఓనర్ మీ సందేశాలు చదవలేరు, ఫైళ్లు తెరవలేరు. కానీ ఛానల్ పేరు, వివరణ ఆయనకు కనిపిస్తాయి. ఛానల్‌ని తొలగించే అధికారమూ ఆయనకుంది. అందుకే 'తీసేయాల్సినవాళ్లు' లాంటి పేర్లు అసలు పెట్టొద్దు. పొరపాటున తొలగిస్తే 30 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. ఒక సంగతి స్పష్టంగా తెలిసి ఉండాలి: ఇది తోటి ఉద్యోగుల నుంచి రక్షణే తప్ప సంస్థ నుంచి కాదు. విచారణ అవసరమైతే, తగిన అధికారమున్న అడ్మిన్ ఈ సందేశాలను వెతికి తీయగలరు.

బయటి ఆడిటర్‌ని కలుపుకోవాలంటే ముందు టీమ్‌లోకే గెస్ట్‌గా తీసుకోవాలి. అప్పుడు మామూలు ఛానళ్లన్నీ ఆయన ముందు తెరుచుకుంటాయి. అలాంటి పనికి వేరే టీమ్ పెట్టుకోవడమే మంచిది.

ప్రశ్న: ఒకరిని ప్రైవేట్ ఛానల్ నుంచి తీసేశాం. అయినా అందులోని ఎక్సెల్ షీట్ తెరుస్తున్నారు. ఎలా సాధ్యం?
– అకౌంట్స్ మేనేజర్, హైదరాబాద్

జవాబు: ఎక్కువసార్లు దీనికి కారణం లింకే. ప్రైవేట్ ఛానల్ ఫైళ్లకు షేర్‌పాయింట్‌లో (టీమ్స్ ఫైళ్లు భద్రపరిచే మైక్రోసాఫ్ట్ సేవలో) విడిగా ఒక సైట్ ఉంటుంది, సభ్యులకే ప్రవేశం. అయితే ఎవరో ఆ షీట్‌ని 'సంస్థలో ఎవరైనా' తెరిచేలా లింక్ చేసి పంపి ఉంటే, ఛానల్ సభ్యత్వంతో దానికి సంబంధం ఉండదు. ఆ ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'మేనేజ్ యాక్సెస్' తెరవండి. అక్కడ లింకులు, విడిగా అనుమతి పొందిన వ్యక్తులు, రెండూ చూసి అక్కర్లేనివి తొలగించండి. ఇకపై పంపేటప్పుడు పేర్లతో ఎంచుకున్నవాళ్లకే పనిచేసే లింక్ వాడండి. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న కాపీని మాత్రం ఎవరూ వెనక్కి లాగలేరు.

సభ్యులను చేర్చడం, తీయడం టీమ్స్‌లోనే చేయండి. షేర్‌పాయింట్‌లోకి వెళ్లి సభ్యుల జాబితా మారిస్తే, టీమ్స్ దాన్ని తన జాబితా ప్రకారం మళ్లీ సరిచేసేస్తుంది. చాలామంది దీన్ని లోపం అనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

ప్రశ్న: కొత్తగా చేర్చినవాళ్లకు పాత సందేశాలు కనిపిస్తాయా? ఛానల్ ఓనర్ ఉద్యోగం మానేస్తే?
– టీమ్ లీడ్, విశాఖపట్నం

జవాబు: కనిపిస్తాయి, మొదటి సందేశం నుంచీ అన్నీ. నిన్నటిదాకా వాళ్ల గురించే అక్కడ చర్చ జరిగి ఉంటే, చేర్చకండి. కొత్త ఛానల్ పెట్టండి.

ఉన్న ఒక్క ఓనర్ సంస్థను వదిలితే, టీమ్స్ తనంతట తానే మిగతా సభ్యుల్లో ఒకరిని ఓనర్ చేస్తుంది. ఎవరవుతారో మీ చేతిలో ఉండదు. కాబట్టి మొదటిరోజే ఇద్దరు ఓనర్లను పెట్టండి. ఇంకొకటి: ఎవరినైనా టీమ్ నుంచే తీసేస్తే అందులోని ప్రైవేట్ ఛానళ్ల నుంచీ పోతారు. మళ్లీ టీమ్‌లోకి తెచ్చినంతమాత్రాన అవి తిరిగి రావు. ఒక్కో ఛానల్‌లో విడివిడిగా చేర్చాలి.