లక్షన్నర గేమింగ్ పీసీ ఉంది, ఫోన్ పగిలితే ఎనిమిది వేలు లేవు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. కాకినాడలో బీటెక్ చదివి, ఏడాదిగా హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 34,000 రూపాయల జీతం వస్తుంది. కాలేజీ రోజుల నుంచీ గేమింగ్ అంటే ప్రాణం. ఎనిమిది నెలల కిందట 16 శాతం వడ్డీకి లక్షన్నర వ్యక్తిగత రుణం తీసుకుని గేమింగ్ పీసీ కట్టించుకున్నాను. గడువు 24 నెలలు. క్రెడిట్ కార్డు బాకీ 38,000 ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. ఆటల్లో అదనపు హంగులిచ్చే పాస్‌లకూ, పాత్రల, ఆయుధాల రూపం మార్చే స్కిన్‌లకూ నెలకు 2,500 అవుతోంది. ఆ మధ్య ఫోన్ పగిలితే లోన్ యాప్‌లో అప్పు తీసుకుని, తర్వాతి జీతంతో తీర్చేశాను. ఇప్పుడు ఆటల దృశ్యాలను మెరుగ్గా చూపించే 55,000 రూపాయల గ్రాఫిక్స్ కార్డును నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుని, యూట్యూబ్‌లో లైవ్ స్ట్రీమింగ్ పెంచాలనుకుంటున్నాను. రాత్రి మూడింటి వరకు ఆడి, పొద్దున పదింటికి ఆఫీసులో కూర్చోవడం కష్టంగా ఉంది. ఆటనూ ఉద్యోగాన్నీ ఎలా సర్దుకోవాలి? స్ట్రీమింగ్ ఆదాయంతో అప్పులు తీరతాయా?

జవాబు: ఉద్యోగంలో కొత్తగా చేరినవారి నుంచి వచ్చే ఉత్తరాల్లో కొన్న వస్తువు మారుతూ ఉంటుంది. ఒకరికి అది బైకు, ఇంకొకరికి ఖరీదైన ఫోన్, మరొకరికి కెమెరా, మీకు గేమింగ్ పీసీ. పొరపాటు మాత్రం ఒక్కటే. అత్యవసర నిధి అంటూ ఒక్క రూపాయి పక్కన పెట్టకముందే, ఇంకా రాని రెండేళ్ల జీతాన్ని వాయిదాలకు రాసిచ్చేయడం. మీ ఉత్తరంలో ఆ పొరపాటు అంకెలతో సహా కనిపిస్తోంది కాబట్టి దీన్ని ఎంచుకున్నాను.

మీరు గ్రాఫిక్స్ కార్డు గురించి అడిగారు, నాకు మాత్రం పగిలిన ఫోన్ దగ్గరే చూపు ఆగిపోయింది. మీరు జతచేసిన వివరాల ప్రకారం లోన్ యాప్‌లో అప్పు 10,000 అని రాసుకున్నారు, కోతలు పోగా చేతికి వచ్చింది 8,200, ముప్పై రోజుల్లో తిరిగి కట్టింది 10,000. అంటే 8,200 రూపాయలను నెల రోజులు వాడుకున్నందుకు 1,800 రూపాయలు సమర్పించుకున్నారు. నెలకు దాదాపు 22 శాతం వడ్డీ అది. లక్షన్నర ఖరీదు చేసే యంత్రం బల్ల మీద ఉన్న వ్యక్తి, ఆఫీసు ఓటీపీలు అందుకోవడానికి అవసరమైన ఫోన్ కోసం ఈ ధర చెల్లించాల్సి వచ్చింది. తీర్చేశాను కదా అని మీరు తేలిగ్గా రాశారు. అది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. ఈసారి పగిలింది ఫోన్. వచ్చేసారి ఇంట్లో ఎవరికో జ్వరం ముదిరి ఆసుపత్రి అడ్వాన్సు కట్టమంటే, అప్పుడూ అదే యాప్ తెరుస్తారా? దయచేసి ఆ యాప్‌ను ఈ రోజే తొలగించండి.

మీ నెల లెక్క చూద్దాం. హాస్టల్ అద్దె, భోజనం కలిపి 9,000. రాకపోకలకు 2,500. ఫోన్, ఇంటర్నెట్, ఇతర చిల్లర ఖర్చులకు 3,500. ఇంటికి పంపేది 6,000. పీసీ రుణం వాయిదా 7,345. కార్డుకు కట్టే కనీస మొత్తం 1,900. ఆటలకు 2,500. అన్నీ కలిపితే 32,745. జీతంలో మిగిలేది 1,255 రూపాయలు. ఇందులో నెలకు 4,583 రూపాయల కొత్త వాయిదా ఎక్కడ పడుతుందో మీరే చూడండి. పడదు కాబట్టి అది మళ్లీ క్రెడిట్ కార్డు బాకీగానే తేలుతుంది.

ఆ కార్డు బాకీ సంగతి మీకు సరిగా అర్థమైనట్టు లేదు. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతమని ఉంది. 38,000 మీద అది 1,330 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 239. మీరు కట్టే 1,900లో 1,569 వడ్డీకీ పన్నుకూ పోగా, అసలు తగ్గేది 331 రూపాయలే. బాకీలో 5 శాతం చొప్పున కనీస మొత్తమే కడుతూ పోతే, కొత్తగా ఒక్క రూపాయి వాడకపోయినా, బాకీ సగానికి దిగడానికే ఆరేళ్లకు పైగా పడుతుంది. పైగా పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఇదే కార్డు మీద మీరు కొంటున్న ప్రతి స్కిన్‌కూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతోంది. ఆట యాప్‌లోనూ యాప్ స్టోర్‌లోనూ సేవ్ చేసి ఉన్న కార్డు వివరాలు తీసేయండి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయం అత్యవసర నిధి. ఆరు నెలల తప్పనిసరి ఖర్చు చేతిలో ఉండాలని అంటే, పెళ్లికాని కుర్రవాడిని, బాధ్యతలు లేవు, నాకెందుకు అని మీ వయసువారు అనుకుంటారు. మీకు బాధ్యతలు ఉన్నాయి. ఇంటికి పంపే 6,000 ఒక బాధ్యత, అప్పుల వాయిదాలు మరొకటి. 2025 జూలైలో దేశంలోని అతిపెద్ద ఐటీ సంస్థే దాదాపు 2 శాతం ఉద్యోగాలను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద కంపెనీలో చేరితే చాలు, ఇక దిగుల్లేదని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉన్న కాలం పోయింది. ఏడాది అనుభవమున్న ఉద్యోగికి మరో ఉద్యోగం దొరకడానికి నాలుగైదు నెలలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ నాలుగైదు నెలలూ హాస్టల్ వార్డెన్ ఆగరు, బ్యాంకు అసలే ఆగదు.

అప్పులు లేకపోతే మీ తప్పనిసరి ఖర్చు నెలకు 21,000. ఆరు నెలలకు 1,26,000 నిధి సరిపోయేది. రుణ వాయిదా, కార్డు కనీస మొత్తం కలిస్తే నెల ఖర్చు 30,245, కావలసిన నిధి 1,81,000 దాటుతోంది. అంటే అప్పు మీ జీతాన్ని తినడంతో ఆగలేదు, మీకు కావలసిన రక్షణ ఖర్చును కూడా 55 వేల రూపాయలు పెంచేసింది. గ్రాఫిక్స్ కార్డు వాయిదా కూడా తోడైతే ఈ లక్ష్యానికి మరో 27,500 కలుస్తుంది. వస్తువు ధరనూ వాయిదానూ పోల్చుకుని, భరించగలం అనుకునేవారు ఈ మూడో లెక్కను దాదాపు ఎప్పుడూ వేసుకోరు.

నో కాస్ట్ అన్న మాట చూసి కూడా మోసపోకండి. వడ్డీ లేని వాయిదా పథకాలన్న భావనే సరికాదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నేడు జరిగేది ఏమిటంటే, బ్యాంకు తన వడ్డీ తాను వేస్తుంది, అమ్మకందారు అంత మొత్తాన్ని ధరలో తగ్గించినట్టు చూపిస్తాడు. 15 శాతం వడ్డీ అనుకుంటే 55,000 మీద ఏడాదికి దాదాపు 4,200 వడ్డీ, దాని మీద జీఎస్టీ 760 రూపాయలు మీరే కట్టాలి, ప్రాసెసింగ్ రుసుము అదనం. నగదుతో కొంటే వచ్చే తగ్గింపు కూడా పోతుంది. కాబట్టి ఆ గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దు. ఇందులో రెండో ఆలోచనకు తావు లేదు.

మరి ఏం చేయాలి? కాలేజీలో వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ హాస్టల్ అల్మారాలో ఊరికే పడి ఉందని రాశారు. దాన్ని అమ్మేయండి. మీరు అంచనా వేసిన 25,000 వస్తే, వచ్చిన రోజే క్రెడిట్ కార్డుకు కట్టండి, బాకీ 13,000కు దిగుతుంది. ఆటల ఖర్చును నెలకు 800కు కట్టడి చేస్తే 1,700 మిగులుతుంది. దానికి ఇప్పటికే మిగులుతున్న 1,255, కనీస మొత్తంగా కడుతున్న 1,900 కలిపితే నెలకు 4,855. మూడు నెలల్లో కార్డు బాకీ పూర్తిగా తీరుతుంది. నాలుగో నెల నుంచి అదే 4,855 అత్యవసర నిధికి వెళ్లాలి. పీసీ రుణం ముగిసేసరికి నిధి 63,000 దాటుతుంది. అప్పటి నుంచి వాయిదా డబ్బు 7,345 కూడా తోడై నెలకు 12,200 చొప్పున జమచేస్తే, అప్పులు తీరాక సరిపోయే 1,26,000 మరో ఆరు నెలల్లో పూర్తవుతుంది. మొత్తం 22 నెలలు. ఈలోగా జీతం పెరిగినా, బోనస్ వచ్చినా గడువు తగ్గుతుంది.

16 శాతం రుణం ఉండగా నిధిని తక్కువ వడ్డీలో దాచడమేమిటి, రుణాన్నే ముందు తీర్చవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కాగితం మీద అది సరైన లెక్కే. కానీ ముందుగా బ్యాంకుకు కట్టేసిన డబ్బు ఉద్యోగం పోయిన నెలలో వెనక్కి రాదు. చేతిలో నగదు లేనివారికి ఆ రోజున దొరికేది నెలకు 22 శాతం అప్పే, దాని రుచి మీకు ఇప్పటికే తెలుసు. నిధిని జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, స్వీప్ సౌకర్యం (మిగులు డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మారే ఏర్పాటు) ఉన్న పొదుపు ఖాతాలో ఉంచండి. ఆ ఖాతాను ఏ యూపీఐ యాప్‌కూ జోడించకండి. స్వల్పకాల రుణపత్రాల్లో మదుపు చేసే లిక్విడ్ ఫండ్ కూడా పనికొస్తుంది. షేర్లు, క్రిప్టో, చిట్టీలు ఈ పనికి పనికిరావు.

స్ట్రీమింగ్ ఆదాయంతో అప్పులు తీర్చే ఆలోచనకు నా సమాధానం, లేదు. ఆట మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు, అంటే వీడియో గేమ్‌ల పోటీలకు, పతకాలు ఇచ్చారు, అది గౌరవించదగ్గ రంగమే. అయితే యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు, వాటితోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) కావాలి. మీ చానెల్‌కు 340 మంది ఉన్నారు. ఆ గీత దాటినా మొదట్లో వచ్చేది చేతి ఖర్చుకు మించదు. ఎప్పుడు వస్తుందో తెలియని ఆదాయాన్ని, తేదీ తప్పని వాయిదాకు జమకట్టకూడదు. ఉన్న పీసీతోనే స్ట్రీమింగ్ చేయండి. లక్షన్నర యంత్రం అందుకు చాలు. ఇతర ఆదాయంపై మీ నియామక ఒప్పందంలో ఏముందో చదివి, హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. వచ్చినంత ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపండి.

ఉత్తరం చివర స్నేహితుడు డబ్బు పెట్టి ఆడే ఆటల్లో చేరమంటున్నాడని ఒక ముక్క రాశారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుచేసింది. ఇంకా రమ్మని పిలిచే యాప్ ఏదైనా ఉంటే అది చట్టానికి బయట ఉన్నదే. అప్పు తీర్చడానికి పందెం కాయాలన్న ఆలోచన మనసులో ఏ మూల ఉన్నా తీసేయండి.

సమయం గురించి అడిగారు కాబట్టి నా పరిధిలో ఉన్నంత చెబుతాను. ఈ వయసులో మీ అసలైన ఆస్తి జీతమే, దాన్ని పెంచేది మొదటి రెండు మూడేళ్లలో నేర్చుకునే పని. రాత్రి మూడింటికి పడుకుని పదింటి సమావేశంలో నిద్రకళ్లతో కూర్చున్న మనిషికి వార్షిక సమీక్షలో ఏ రేటింగ్ వస్తుందో ఊహించడం కష్టం కాదు. ఆదివారం నుంచి గురువారం వరకు రాత్రి పదకొండున్నరకు పీసీ ఆపేసి, శుక్ర, శనివారాలు మీకు నచ్చినంత సేపు ఆడుకోండి. ర్యాంకు మ్యాచ్‌లను వారాంతానికి ఉంచుకుంటే జట్టులోని మిగతా ఉద్యోగులకూ అదే అనుకూలంగా ఉంటుంది.

బీమా విషయంలో కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య పాలసీతో సరిపెట్టుకున్నారు. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. 5 లక్షలకు తక్కువ కాకుండా సొంత పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్టీ లేదు, మీ వయసులో ప్రీమియం కూడా తక్కువే. మీరు పంపే డబ్బు మీద ఇల్లు కొంతైనా ఆధారపడింది కనుక 50 లక్షల టర్మ్ పాలసీ (గడువులోగా మరణిస్తేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) కూడా అవసరం. ఈ రెండు ప్రీమియంల కోసం నిధి పూర్తయ్యే గడువు రెండు మూడు నెలలు వెనక్కి జరిగినా ఫర్వాలేదు. సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే మదుపు), షేర్లు నిధి పూర్తయ్యాకే.

ఆటలకు ఉంచిన 800 రూపాయలను సినిమా టికెట్టు లాగా ఖర్చుగానే రాసుకోండి. ఆటలో కొన్నది మన సొత్తు కాదు, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు, దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ ఆటను 2022 జూలైలో స్టోర్ల నుంచి తీసేసినప్పుడు, వేలకు వేలు పోసి స్కిన్‌లు కొన్నవారు చేసేదేమీ లేక చూస్తూ ఉండిపోయారు. బీజీఎంఐ 2023 మేలో తిరిగి వచ్చింది, కానీ అలా రావాలన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొనే ఆటలకైతే, కొన్న 14 రోజుల్లో, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగవచ్చు. నచ్చని ఆటకు ఆ సౌకర్యం వాడుకోండి.

నిధి పూర్తయ్యాక నెలకు మిగిలే 12,200లో సగం దీర్ఘకాల మదుపునకు, సగం గ్రాఫిక్స్ కార్డు కోసం పక్కన పెట్టండి. తొమ్మిది నెలల్లో దాదాపు 55,000 చేతికి వస్తాయి. ఆ డబ్బుతో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, నాలుగు దుకాణాల్లో ధర అడిగి, బేరమాడి, వారంటీ కాగితం మీద దుకాణం ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.