‘రాసిపెట్టి ఉంది’ వేరు, ‘నిర్ణయించెను’ వేరు

ప్రశ్న: మా సంఘంలో ఒకాయన చీటీ డబ్బు ఎగ్గొట్టాడు. పెద్దలు నిలదీస్తే ‘దేవుడు ముందే నిర్ణయించాడు, అలా రాసిపెట్టి ఉంది, నా చేతిలో ఏముంది’ అన్నాడు. బైబిల్లోని ‘ముందుగా నిర్ణయించెను’ అన్న మాటకు విధి, తలరాత, ప్రారబ్ధం అని అర్థం చెప్పవచ్చా? ‘దేవుని ఏర్పాటు’ అంటే ఏమిటి? సండే స్కూలు పిల్లలకు చెప్పాలి.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: చెప్పకూడదమ్మా. ప్రారబ్ధం అంటే వెనక చేసుకున్న కర్మలో ఇప్పుడు అనుభవానికి వచ్చిన వంతు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నమాట. బైబిల్లో అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, రోమా పత్రిక, 9వ అధ్యాయం దీనికి సరిగ్గా ఎదురు మాట చెబుతుంది. కవలలైన యాకోబు, ఏశావు ఇంకా పుట్టి మేలైనా కీడైనా చేయకముందే దేవుని సంకల్పం ఉందంటాడు పౌలు. ఇక తలరాత, విధి. వీటిలో రాసేవాడు బ్రహ్మ అని పురాణం చెప్పినా, వాడుకలో ఆయన కనబడడు. ‘రాసిపెట్టి ఉంది’ అన్న వాక్యంలో కర్తే లేడు. రాసిందెవరో తేలదు, చేసిందెవరో అంతకన్నా తేలదు. తప్పు చేసినవాడికి ఆ వాక్యం ఆసరా అయ్యేది అందుకే.

బైబిల్ వాక్యం అలా కాదు. అపొస్తలుల కార్యములు 2:23 తీసి చూడండి. ‘దేవుడు నిశ్చయించిన సంకల్పమును’ అనుసరించి యేసు అప్పగింపబడ్డాడని చెబుతూ, అదే ఊపిరిలో యేసు శిష్యుడు పేతురు యెరూషలేము జనంతో ‘మీరు... చంపితిరి’ అంటాడు. ఒకే వాక్యంలో ఇద్దరు కర్తలు. ‘చంపబడెను’ అని సరిపెట్టుకునే వీలున్నా పేతురు వేలెత్తి చూపాడు. దేవుని నిర్ణయం చెప్పినంత మాత్రాన ‘మీరు’ పోలేదు.

నిర్గమకాండంలో, ఇశ్రాయేలీయులను విడిచిపెట్టనన్న ఐగుప్తు రాజు ఫరో సంగతి ఇంకా లోతు. అక్కడ మూడు రకాల వాక్యాలున్నాయి. ఫరో హృదయం కఠినమాయెను. ఫరో తన హృదయాన్ని కఠినపరచుకొనెను. యెహోవా ఫరో హృదయాన్ని కఠినపరచెను. తెలుగులో ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడి మీదికే వస్తుంది. ‘చేయి కోశాడు’ అంటే ఎవరి చేయో అడగాలి; ‘చేయి కోసుకున్నాడు’ అంటే అడగనక్కర లేదు. దేవుడు ఆ దేశం మీదికి పంపిన కప్పల తెగులు, ఈగల తెగులు తొలగగానే ఫరో కఠినపరచుకొన్నాడు. దద్దుర్ల తెగులు దగ్గర, 9:12లో, యెహోవా కఠినపరిచాడు. అయితే ‘నేను కఠినపరచెదను’ అని దేవుడు మోషేతో అంతకుముందే, 4వ అధ్యాయంలోనే చెప్పి ఉన్నాడు. ముందు చెప్పిన మాటను పట్టుకున్నవారు ఒక వైపు, ఫరో తానే కఠినపరచుకొన్నాడన్న మాటను పట్టుకున్నవారు మరో వైపు శతాబ్దాలుగా వాదించుకున్నారు. ఆ తగవు వ్యాకరణం తీర్చలేదు. మూడు వాక్యాల్లో ఏ ఒక్కటీ చెరిపేయకూడదని మాత్రం గట్టిగా చెప్పగలదు.

మీ గుంటూరుకు 1842లో మిషనరీ హయ్యర్ దొర తెచ్చిన లూథరన్ మార్గం, అంటే మార్టిన్ లూథర్ బోధను అనుసరించే సంఘం, ఈ విషయంలో చాలా జాగ్రత్త పడింది. దేవుని ఏర్పాటు, అంటే ఆయన ఎన్నిక, రక్షణ పొందేవారి గురించే గాని, నశించేవారి నాశనానికి కారణం దేవుడు కాడని 1577 నాటి వారి విశ్వాస పత్రం చెబుతుంది. లూథర్ లాంటి మరో సంఘ సంస్కర్త కాల్విన్, రక్షణా నాశనమూ రెండు వైపులా దేవుని నిర్ణయమే అన్నాడు. ఆ కాల్విన్ మార్గీయులు కూడా 1618-19లో డోర్ట్ నగరంలో సభ చేసి, అవిశ్వాసానికీ తక్కిన పాపాలకూ కారణం, దోషం దేవునిలో కాదు, మనిషిలోనే ఉన్నాయని రాసుకున్నారు. చీటీ ఎగ్గొట్టినాయన మాటకు ఈ రెండు గుమ్మాల్లో ఎక్కడా చోటు లేదు. పెద్దలు ఆ డబ్బు అడగవలసిందే. నష్టపోయిన ఇళ్ళ ముందు దేవుని పేరు అలా వాడటం నాకు చాలా బాధ కలిగించింది.

‘ఏర్పాటు’ సంగతి. పెళ్ళి ఏర్పాట్లు, భోజనాల ఏర్పాట్లు అని అలవాటైన చెవికి అది సదుపాయంలా వినిపిస్తుంది. ‘ఏరు’ ధాతువు నుంచి వచ్చిన మాట అది. పాత వాడుకలో ఎంచి వేరుచేయడం. పిల్లలకు ‘దేవుడు ఏర్పాటు చేశాడు’ అని చెప్పకండి, జరగబోయేవన్నీ సర్దిపెట్టాడని అనుకుంటారు. ‘ఏర్పరచుకొన్నాడు’ అనండి; ఇంకా తేలిక కావాలంటే ‘ఎన్నుకొన్నాడు’ అనండి.