నార్తంబర్లాండ్ కౌంటీ చరిత్ర ఏమిటి? అక్కడ ఏమేం చూడాలి?

నార్తంబర్లాండ్ ఇంగ్లండ్‌కు ఈశాన్య కొసన, స్కాట్లండ్‌ను ఆనుకుని ఉంటుంది. సరిహద్దు ప్రాంతం కాబట్టి శతాబ్దాల తరబడి దాడులు తప్పలేదు. అక్కడ ఇన్ని కోటలు ఉండటానికి కారణం అదే.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో మొదలుపెట్టించిన గోడ పొడవు 117 కి.మీ. అదే స్కాట్లండ్ సరిహద్దని చాలామంది అనుకుంటారు. కాదు, గోడ మొత్తం ఇంగ్లండ్‌లోనే ఉంది. గోడను చూడాలంటే హౌస్‌స్టెడ్స్ దగ్గరికి వెళ్లండి. కానీ ఒక్క పూటే ఉంటే విండోలాండా వదలకండి. గోడకన్నా పాత సైనిక స్థావరం అది. గాలి చొరబడని తడిమట్టిలో కూరుకుపోవడంతో, సిరాతో రాసిన చెక్క పలకలు కుళ్లకుండా మిగిలాయి. మందం మూడు మిల్లీమీటర్లకు మించదు. 1973లో తొలిసారి బయటపడ్డాయి. ఒకదాంట్లో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలిని పిలుస్తుంది. చివరి వాక్యాలు ఆవిడ సొంత చేతిరాత! అసలు పలకలు ఎక్కువగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

లిండిస్‌ఫార్న్ దీవిలో 635లో ఎయిడన్ అనే క్రైస్తవ సన్యాసి మఠం స్థాపించాడు. 793లో వైకింగులు (స్కాండినేవియా నుంచి వచ్చిన సముద్ర దోపిడీదారులు) దాన్ని దోచారు. దీవికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. సురక్షితంగా దాటే వేళలు రోజూ మారతాయి, కౌంటీ కౌన్సిల్ పట్టిక చూసుకునే బయల్దేరాలి. "నీళ్లు ఇంకా లోతు లేవులే" అనుకుని కారు దింపినవాళ్లే ఇరుక్కుంటారు. పోటు వేగంగా వస్తుంది.

బామ్‌బరో, ఆనిక్ కోటలకు మరో రోజు పెట్టుకోండి.