సూదులకు ముందు డాక్టరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మెరీనా బీచిలో తిప్పే నీ ఎర్రగుర్రానికి మళ్లీ కడుపునొప్పి వచ్చిందనీ, ఈసారి ఆక్యుపంక్చర్ చేయించాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. నేను సూదులను తీసిపారేసేవాణ్ణి కాదు. వెన్నుకు ఇరుపక్కలా, తోక కిందా సూదులు దించాక, గాలి పట్టి గిలగిలలాడిన గుర్రాలు నెమ్మదించడం చూశాను. నాకు భయమంతా ఆ నెమ్మదితోనే.

గిండీ గుర్రప్పందేల మైదానంలో పనిచేసే రోజుల్లో ఒక ఆడగుర్రం సూదులు పడగానే తల వాల్చి ప్రశాంతంగా నిలబడింది. తగ్గిందనుకుని తెల్లవారేదాకా డాక్టరుకు కబురు చేయలేదు. లోపల పేగు మెలిపడి ఉంది. అలాంటి పేగును సూది విప్పలేదు, ఆపరేషన్ చేయాల్సిందే. పొద్దున చూసేసరికి చిగుళ్లు ఊదారంగుకు తిరిగాయి. అది దక్కలేదు. ఆ తప్పు నాది నాయనా, నీకు రాకూడదు.

గుర్రం పొట్టవైపు తిరిగి చూసుకున్నా, కాలితో నేల గీరినా, పదేపదే పొర్లబోయినా వెంటనే మేత తీసెయ్యి. పంటి చిగురు మీద బొటనవేలు నొక్కి వదులు. తెల్లబడిన చోట రెండు సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. దవడ కింద నాడి పట్టుకుని లెక్కపెట్టు. నిలకడగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. 60 దాటితే ఇక ఆగకు. రెండు డొక్కలకూ చెవి ఆనించు, గుడగుడలు వినిపించకపోతే అదీ ప్రమాదమే. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపు ఉబ్బితే డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి ఖాళీ చేయాలి. నొప్పి మందు నీ అంతట నువ్వు ఇవ్వకు, రోగం మరుగునపడుతుంది. వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది కదా, అక్కడికి ఫోను చెయ్యి.

పేగు మెలిపడలేదని డాక్టరు తేల్చాక, ఆయన ఇచ్చే మందులతోపాటే ఆక్యుపంక్చర్ నేర్చిన పశువైద్యుడి చేత సూదులు వేయించు. మనుషులకు సూదులు వేసేవాళ్ల చేతికి మాత్రం గుర్రాన్ని ఇవ్వకు.

ఇంకొక అనుమానం. నువ్వు గడ్డి ఇసుక మీదే పరుస్తావు. దాంతోపాటు మింగిన ఇసుక పేగులో పేరుకుంటే ఎన్ని సూదులు వేసినా బయటికి రాదు. ఇకనుంచి గడ్డి తొట్టిలో పెట్టు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచు. ఈ ఎండల్లో ఒక్క గుర్రమే రోజుకు 50 లీటర్లు తాగినా ఆశ్చర్యపోకు. రేపు తాజా లద్దె నాలుగు ఉండలు బకెట్టు నీళ్లలో కలిపి కాసేపు ఉంచు. అడుగున ఎంత ఇసుక దిగిందో చూసి నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య