పలకరింపులోనే విజయం ఉన్న దేశం: తిబిలిసిలో నా ఆరేళ్ళు

"జార్జియా మీద అన్ని దండయాత్రలు ఎందుకు జరిగాయి? అక్కడివాళ్ళకి అవి ఇంకా గుర్తున్నాయా?" అని అడిగారు. జార్జియా రాజధాని తిబిలిసిలో ఎంబీబీఎస్ చదివిన ఆరేళ్ళలో నాకు తెలిసింది రాస్తున్నాను.

ఎందుకన్నదానికి మ్యాప్ చూస్తే చాలు. అటు నల్ల సముద్రం, ఇటు కాస్పియన్, మధ్యలో కాకసస్ కొండల దారి. అరబ్బులు, మంగోలులు, తైమూర్, పర్షియన్లు, తుర్కులు, రష్యన్లు అందరికీ ఆ దారే కావాలి.

గుర్తుందా అంటే, వాళ్ళ పలకరింపే "గమర్జోబా", అంటే విజయం. "గాగిమార్జోస్" అని బదులిస్తారు, నీకూ జయం కలగాలని. మేం అద్దెకున్న ఇంటి బెబియా, అంటే అవ్వ, రొట్టె తుంచి నా చేతిలో పెడుతూ ఈ అర్థం చెప్పింది. "ఇంట్లోంచి వెళ్ళినవాడు తిరిగొస్తాడో లేదో తెలియని రోజుల మాట తల్లీ" అంది.

ఆమెకి అన్నిటికన్నా నొప్పి మాత్రం, కాపాడతానని వచ్చినవాడి సంగతి. పర్షియా భయంతో రాజు ఎరెక్లే 1783లో రష్యాతో ఒప్పందం చేసుకున్నాడు. 1795లో పర్షియా పాలకుడు ఆగా మహమ్మద్ ఖాన్ తిబిలిసి మీద పడితే, డెబ్భై దాటిన ఎరెక్లే తనే యుద్ధానికి దిగాడు. రష్యా సాయం సమయానికి రాలేదు. ఊరు తగలబడింది. ఆరేళ్ళు తిరక్కుండానే, 1801లో, ఆ రష్యాయే రాజ్యాన్ని కలిపేసుకుంది. 1918లో వచ్చిన స్వాతంత్ర్యం 1921లో సోవియట్ ఎర్రసైన్యం చేతిలో పోయి, మళ్ళీ 1991లో వచ్చింది. రష్యాతో 2008లో జరిగిన యుద్ధం తర్వాత ఇప్పటికీ దేశంలో ఐదోవంతు జార్జియా చేతిలో లేదు.

మన హైదరాబాద్‌కీ ఇందులో చోటుంది. జార్జియా రాణి కేతెవాన్‌ని, మతం మారనన్నందుకు 1624లో పర్షియాలోని షిరాజ్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు. పోర్చుగీసు సన్యాసులు ఆమె అస్థికలు కొన్ని గోవాకి తెచ్చారు. పాత గోవా చర్చి శిథిలాల్లో దొరికిన ఎముకకి డీఎన్‌ఏ పరీక్ష చేసింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ, మన సీసీఎంబీ వాళ్ళే. 2021 జూలైలో మన ప్రభుత్వం ఆ అస్థికని జార్జియాకి అప్పగించింది.

అప్పటికి నేను ఇంటికొచ్చేశాను. ఆ రోజు బెబియా వీడియో కాల్ చేసి, "మా రాణిని గుర్తుపట్టినవాళ్ళ ఇల్లు చూపించవూ" అంది. హబ్సిగూడ వెళ్ళి, రోడ్డు మీంచే సీసీఎంబీ గేటు చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. మెల్లగా కుడి భుజం నుంచి ఎడమకి శిలువ గీసుకుంది.