పురిటికి వెళ్ళకముందే తెలియాల్సిన సంగతి

రాజాంలో డిగ్రీ చదువుతున్నానని రాశారు. డిసెంబరు 1న, ఎయిడ్స్ దినం రోజు, కాలేజీలో ఎయిడ్స్ మీద అవగాహన కల్పించే రెడ్ రిబ్బన్ క్లబ్ తరఫున, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ రాకుండా ఎలా ఆపొచ్చో మాట్లాడమన్నారని, ఇంట్లో అమ్మ మాత్రం "పెళ్ళికాని పిల్లలకి ఇవన్నీ ఎందుకు" అంటోందని, నిజంగా అవసరమా అని అడిగారు.

అవసరమే. పెళ్ళి కాకముందే అవసరం. శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఐసీటీసీలో కొన్నేళ్ళు కౌన్సిలరుగా పనిచేశాను. హెచ్‌ఐవీ పరీక్ష చేసే చోటు అది. కడుపుతో ఉన్నవాళ్ళందరినీ అక్కడికి పంపించేవారు. నా ఎదురుగా కూర్చున్నవాళ్ళలో చాలామంది పంతొమ్మిది, ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలే. హెచ్‌ఐవీ ఎలా వస్తుందమ్మా అని అడిగితే గడగడా చెప్పేవారు: సూదులు, రక్తం, రక్షణ లేని సంబంధాలు, తల్లి నుంచి బిడ్డకి. ఆసుపత్రి గోడల మీద చదివిందే. "మరి తల్లికి ఉంటే బిడ్డకి రాకుండా ఆపొచ్చా?" అంటే మాత్రం నోరు పెగిలేది కాదు. "వచ్చీసినట్టే కదా మేడం" అనేవారు. "తీయించీసుకోవాలేమో" అన్న పిల్లలూ ఉన్నారు. వస్తుందని తెలుసు, ఆపొచ్చని తెలీదు. అంతవరకే తెలిసిన పిల్ల మరీ భయపడుతుంది, భయపడితే పరీక్షకే రాదు.

మీ మాట ఇక్కడే మొదలుపెట్టండి. ఏ మందూ వాడకపోతే, హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. అంటే ఏమీ చేయకపోయినా సగానికి పైగా పిల్లలకు రాదు. తల్లి రోజూ మాత్రలు వేసుకుని, పుట్టిన బిడ్డకి కూడా మందు పడితే ఆ లెక్క 5 లోపుకి దిగిపోతుంది. మాత్రలు వైరస్‌ని రక్తంలో పెరగనివ్వవు. అది ఎంత తగ్గితే కడుపులో, కాన్పులో, పాలలో బిడ్డని చేరే దారి అంత మూసుకుపోతుంది. నేను చేరిన కొత్తలో నొప్పులప్పుడు తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకి కాస్త సిరప్, అంతే ఉండేది. 2014 నుంచి కడుపుతో ఉన్న ప్రతి పాజిటివ్ తల్లికీ, సీడీ4 (రోగాన్ని తట్టుకునే రక్తకణాల లెక్క) ఎంతున్నా, వెంటనే మందులు మొదలుపెట్టి జీవితాంతం ఉచితంగా ఇస్తున్నారు. దీనికోసమని ఆపరేషన్ కాన్పు చేయక్కర్లేదు, మామూలు కాన్పు చేయొచ్చు.

ఇప్పుడు నా మనసులోంచి పోని ఒక సంగతి. ఎవరూ గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చి రాస్తున్నాను. ఇరవై ఏళ్ళ పిల్ల. అత్తవారిల్లు నరసన్నపేట వైపు, పుట్టిల్లు గజపతినగరం దగ్గర. భర్త హైదరాబాదులో బిల్డింగు పనులు చేస్తాడు, సంక్రాంతికీ ఊరి పండగకీ వస్తాడు. నాలుగో నెలలో పరీక్షలో పాజిటివ్ అని తేలింది. భర్తని పిలిపించి పరీక్ష చేయిస్తే అతనికీ ఉంది. ఇద్దరికీ మందులు మొదలయ్యాయి. అంతా సవ్యంగా నడుస్తోందనుకున్నాను.

ఏడో నెలలో మన ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి తీసుకెళ్ళిపోయారు. తొలి కాన్పు పుట్టింట్లో అవుతుందని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ పిల్లని అడగలేదు. విజయనగరంలో మందులిచ్చే కేంద్రానికి చీటీ రాయించలేదు. తప్పు నాదే. అక్కడ వాళ్ళమ్మకి ఏమీ తెలీదు. "ఈ మాత్రలు ఏటికే?" అని ఆవిడ ఒకసారి అడిగిందట, అంతే, మాత్రలు బియ్యం డబ్బా అడుక్కి పోయాయి. ఉన్నవి అయిపోయాక మళ్ళీ తెచ్చుకోలేదు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో కాన్పయింది. అక్కడ చెప్పడానికి భయపడింది, బిడ్డకి సిరప్ పడలేదు. అయిదో రోజు పక్కింటివాళ్ళ ఫోను నుంచి నాకు చేసింది. "మాయమ్మకి తెలిస్తే సచ్చిపోద్ది మేడం, పాపకేటైనా అవుద్దా?"

మూడు రోజుల్లోపు మొదలవ్వాల్సిన మందు ఆ రోజు మొదలైంది. ఎక్కువ వారాలు వాడమని డాక్టరు గారు రాశారు. ఆరు వారాలకి పాప మడమ మీద గుచ్చి రక్తపు చుక్కలు కార్డు మీద ఆరబెట్టి పంపే పరీక్ష చేశారు. పాపకి సోకలేదని తేలింది. 18 నెలలకి చేసే ఆఖరి పరీక్షలోనూ లేదనే వచ్చింది. ఈలోగా మామూలు హెచ్‌ఐవీ పరీక్ష చేస్తే తల్లి ఒంట్లోంచి వచ్చిన యాంటీబాడీల (వైరస్ మీద పోరాడటానికి ఒళ్ళు తయారుచేసే పదార్థాలు) వల్ల పాపకి ఉన్నట్టే చూపించొచ్చు. ఈ సంగతి తెలియక గుండె పగిలిన తల్లుల్ని చూశాను, ఇది కూడా మీ స్నేహితులకి చెప్పండి. ఆ పాప బాగుంది, కానీ నేను చేసిన పని వల్ల కాదు. ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగిన మాట "పురిటికి ఎక్కడికెళ్తావమ్మా?" అనే.

పాల గురించి కూడా చెప్పాలి. తల్లిపాలు ఇస్తే ఆరు నెలలు తల్లిపాలే, ఇవ్వకూడదని డాక్టరుతో మాట్లాడుకుని నిర్ణయిస్తే డబ్బా పాలే. రెండూ కలపకూడదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వస అరగదీసి నాకిస్తారు, ఆముదం చుక్క వేస్తారు, తేనె రాస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ లేత పేగులు అలాంటివాటికి ఒరుసుకుపోతే, పాలలోని వైరస్‌కి దారి దొరుకుతుంది. మందులు వాడుకుంటున్న తల్లి పాలు ఇవ్వొచ్చు. వట్టి పాలే ఇవ్వాలి. నాయనమ్మని, అమ్మమ్మని ఒప్పించడం అన్నిటికన్నా కష్టం, చాలా మందిని ఒప్పించలేకపోయాం.

ఇంకొకటి. మొదటి నెలల్లో నెగెటివ్ వచ్చింది కదా అని ఊరుకోవద్దు. భర్త హైదరాబాదు, చెన్నై, గుజరాత్ వేరావల్ రేవు, ఎక్కడో పనిలో ఉండి వస్తూ పోతూ ఉంటే, ఏడు, ఎనిమిది నెలల్లో మరోసారి పరీక్ష అడగాలి. కడుపుతో ఉండగానో, పాలిస్తుండగానో కొత్తగా సోకితే అప్పుడు రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, బిడ్డకి ప్రమాదం ఎక్కువ. ఇది వలస వెళ్ళే మగవాళ్ళ మీద నింద కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పొట్టకూటికోసం ఊరు వదలని ఇల్లెక్కడుంది? భర్త కూడా అదే రోజు పరీక్ష చేయించుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు ఆడపిల్లకి ముందు పరీక్ష చేస్తారు కాబట్టి ముందు ఆమెకి బయటపడుతుంది. "నువ్వే తెచ్చావు" అని అత్తవారింట్లో మాటలు పడుతుంది. ముందు బయటపడినంత మాత్రాన ముందు సోకినట్టు కాదని మీ సభలో గట్టిగా చెప్పండి.

2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని మూడో మనిషికి చెప్పకూడదు, ఇది ఉందని వైద్యం నిరాకరించకూడదు. ఎవరితోనూ చెప్పుకోలేని పిల్లకి 1097 ఉంది, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

సభకి మీ ఊరి ఏఎన్ఎంని (ఊళ్ళో తిరిగే ప్రభుత్వ నర్సుని) పిలవండి. తల్లీబిడ్డల కార్డు ఒకటి తెచ్చి, హెచ్‌ఐవీ పరీక్ష ఎక్కడ రాస్తారో వేలు పెట్టి చూపించమనండి. ర్యాలీకంటే అది ఎక్కువ గుర్తుంటుంది. ఇంట్లో ఇప్పుడు కడుపుతో ఉన్న అక్క, వదిన ఎవరైనా ఉంటే ఆ రాత్రే ఆమె కార్డు తీసి చూడమని ప్రతి అమ్మాయికీ చెప్పండి.

వీలైతే మీ అమ్మగారిని కూడా ఆ రోజు తీసుకెళ్ళండి. ఆ పిల్ల మాత్రలు దాచింది వాళ్ళమ్మకి కనబడకుండానే కదా.